ఫిల్మ్ ఆర్కైవిస్ట్‌గా పనిచేస్తూ నటుడిగా కూడా బతకొచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. డిగ్రీ అయిపోయింది. కాలేజీలో ఉన్నప్పటి నుంచీ నాటకాలు వేస్తున్నాను. ఈమధ్య పి.కె. నాయర్ గారి మీద తీసిన డాక్యుమెంటరీ చూశాక పాత సినిమాలు భద్రపరిచే పని మీద మనసు పోయింది. అలాగని నటన వదలలేను. రెండూ చేస్తూ బతకడం కుదురుతుందా? ఆ పని అసలు ఎలా ఉంటుంది? వరంగల్‌లో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

బతకొచ్చు తమ్ముడూ. కాకపోతే రెండు పనుల మీద వచ్చేది కలిపితేనే ఒక జీతమవుతుంది. ఆ మాట ముందే చెప్తున్నా. నేను చేస్తున్నది అదే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పాత ఫిల్ములు, టేపులు శుభ్రం చేసి స్కానింగ్‌కి సిద్ధం చేస్తాను. కాంట్రాక్టు పని. షూటింగ్ పిలుపొస్తే సెలవు పెట్టి వెళ్తాను. నువ్వు నన్ను తెర మీద చూసే ఉంటావు గానీ గుర్తుపట్టి ఉండవు. హీరోయిన్ బాబాయి, హెడ్ కానిస్టేబుల్, సర్పంచ్ వెనకాల భుజాన తువ్వాలేసుకుని తలాడించే మనిషి, ఇలాంటివన్నీ నాకే వస్తాయి. మాదీ హన్మకొండే. మా బాపు థియేటర్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫిల్మును అంచులు మాత్రమే తాకుతూ పట్టుకోవాలని నాకు మొదట చెప్పింది ఆయనే.

ముందు నాయర్ గారి సంగతి చెప్పుకుందాం. ఆ డాక్యుమెంటరీ చూసినవాళ్ళు ఆయన పుట్టుకతోనే ఆర్కైవిస్టు అన్నట్టు మాట్లాడతారు. అలా ఏం జరగలేదు. 1933లో తిరువనంతపురంలో పుట్టారు. చిన్నప్పుడు సినిమా టికెట్ ముక్కలు దాచుకునేవారు. 1953లో సైన్సు డిగ్రీ చేతికొచ్చాక, డైరెక్టర్ అవుదామని బొంబాయి బండెక్కారు. మెహబూబ్ ఖాన్, బిమల్ రాయ్ లాంటి పెద్దల దగ్గర ఉండి పని చూశారు. డైరెక్షన్ తన వల్ల అయ్యేది కాదని అక్కడే ఆయనకు తెలిసొచ్చింది. 1961లో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరారు. 1964లో పుణెలోనే నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు, మరుసటేడు ఆయన దానికి అసిస్టెంట్ క్యూరేటర్ అయ్యారు. 1991లో రిటైరయ్యేనాటికి 12,000 సినిమాలు పోగయ్యాయి. అందులో 8,000 దాకా మనదేశానివే. ఈ పనిలోకి వచ్చేవాళ్ళలో సినిమాలో ఇంకేదో అవుదామని బయల్దేరినవాళ్ళే ఎక్కువ. నాటకాలేసేవాణ్ణి నాకీ పని ఎందుకిస్తారు అన్న అనుమానం పెట్టుకోకు.

ఆయన తిరిగిన తిరుగుడు వింటే, ఈ ఉద్యోగంలో సగం బతిమాలడమేనని అర్థమవుతుంది. మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది. తీసినది అర్దేశిర్ ఇరానీ. నాయర్ గారు వెళ్ళి ఆయన్ని కలిస్తే, రీళ్ళు ఇక్కడే ఎక్కడో ఉండాలి అన్నారట పెద్దాయన. కొడుకు పక్కకు పిలిచి, ఎప్పుడో అమ్మేశాం అని చల్లగా చెప్పాడట. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. ఆ వెండి కోసం రీళ్ళు కరిగించేవాళ్ళు, మిగిలిన ప్లాస్టిక్‌తో గాజులు చేసేవాళ్ళు. అలా ఆ రోజుల్లో ఎందరి సినిమాలో ఎవరెవరి చేతులకో గాజులైపోయాయి.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ కూడా ఉంది. మలయాళంలో 1933 నాటి మూకీ ‘మార్తాండవర్మ’. నవల హక్కుల మీద ప్రచురణకర్తలు కేసు వేసేసరికి సినిమా అప్పట్లోనే ఆగిపోయింది, ప్రింటు ఆ ప్రచురణకర్తల చేతికి పోయింది. ఆడనివ్వలేదు కాబట్టి అరగలేదు. 1974లో అక్కణ్ణుంచి ఆర్కైవ్‌కు వచ్చింది. బాగా ఆడిన సినిమాల ప్రింట్లు ఊరూరా తిరిగి చిరిగిపోతే, ఒక కోర్టు గొడవ పుణ్యమా అని ఇది మిగిలింది! నిర్మాతకు మాత్రం ఆ కేసు నిలువునా ముంచేసింది పాపం. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మూకీ ‘కాళీయ మర్దన్’ది మరో దారి. ఆ కుటుంబం దగ్గర దొరికిన ముక్కల్ని, ఫాల్కే రాసుకున్న నోట్సు పక్కన పెట్టుకుని వరసలో పేర్చారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. నాయర్ గారు సినిమాలను బీరువాలో పెట్టి తాళం వేసే మనిషి కారు. కర్ణాటకలో హెగ్గోడు అనే చిన్న ఊరుంది, నీనాసం నాటక సంస్థ ఉండేది అక్కడే. వక్క తోటల్లో పనిచేసుకునే ఆ ఊరివాళ్ళకు ప్రపంచ సినిమాలు పంపి చూపించారు. ప్రతి ప్రదర్శనలో చీకట్లో కూర్చుని నోట్‌బుక్కులో రాసుకునేవారు. ఏ సీను ఏ రీల్లో ఉందో అడిగితే చెప్పగలిగేవారు. 2016 మార్చిలో పుణెలోనే పోయారు.

నీ ప్రశ్నలో రెండో సగానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆయన నటుడు కాదు. దానికి మన కరీంనగర్ మనిషి కావాలి: పైడి జైరాజ్. 1909లో పుట్టాడు. బొంబాయి వెళ్ళి 1929లో మూకీల్లో అడుగుపెట్టాడు. ఆ తరవాత టాకీల్లో రాజులు, వీరులు, కత్తి యుద్ధాలు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. హైదరాబాద్ రవీంద్రభారతిలో ఆయన పేరుతో ప్రివ్యూ థియేటర్ ఉంది. ఆ హాల్లో కూర్చుని, ఆయన కుర్రతనంలో మాట లేకుండా ఎట్లా నటించాడో చూద్దామంటే ఏముంది? ఆ మూకీలు లేవు. దేశం మొత్తమ్మీద తీసిన మూకీలు 1,300కు పైనే, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పై లోపు. నటుడిగా నాకు దీనంత టెన్షన్ పెట్టే లెక్క మరొకటి లేదు. నాటకం వేసినవాడికి, ఆ రాత్రి గడిస్తే పోతుందని ముందే తెలుసు. సినిమావాడు మాత్రం తాను ఉండిపోతానని నమ్ముకుంటాడు. ఎవరో ఒకరు డబ్బా దాచకపోతే వాడిదీ అదే గతి. నేను ఆర్కైవ్ పనిలోకి దిగడానికి ఇదొక్కటే కారణం, సినిమా ప్రేమ అనే పెద్ద మాట నాకు అంతగా రాదు.

మన ప్రాంతం లెక్కే తీసుకో. కలకత్తా నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1920ల మొదట్లో హైదరాబాద్‌లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో ‘రజియా బేగం’ ఆడించినందుకు నిజాం ఆగ్రహించి రాజ్యం వదిలి పొమ్మన్నాడు. అట్లా హైదరాబాద్‌లో తీసిన మొదటి సినిమాల్లో ఒక్కటీ ఈరోజు చూడటానికి లేదు. తెలుగు మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దాని ప్రింటూ లేదు.

ఇక పని ఎలా ఉంటుందంటావా. డబ్బా మూత తీయగానే ముందు వాసన చూస్తాం. వెనిగర్ వాసన గుప్పుమంటే అసిటేట్ ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. ఆ ఆవిరి పక్క డబ్బాలకూ చేటు, అందుకే దాన్ని వెంటనే వేరుచేస్తాం. ఎంత ముదిరిందో తెలియడానికి నీలం రంగు కాగితప్పట్టీ ఒకటి రీలుతో పాటు డబ్బాలో పెట్టి మూస్తాం. ఆకుపచ్చకు తిరిగితే జాగ్రత్తపడాలి, పసుపు రంగు వచ్చిందంటే దాన్ని ముందు వరసలో పెట్టి స్కాన్ చేయాలి. ఇంకా పాతవి, 1950ల ముందువి నైట్రేట్ ఫిల్ములు. అంటుకున్నాయంటే నీళ్ళలో ముంచినా మండుతూనే ఉంటాయి, కావలసిన ఆక్సిజన్ వాటిలోనే ఉంటుంది. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో పోయినవి ఇలాంటివే.

ఆ తరవాత బెంచి పని. రీలు ఒక పక్క రివైండర్‌కు ఎక్కించి, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులు ఆనించుకుని, కుడిచేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది: ఇక్కడ జాయింటు ఊడొస్తోంది, ఇక్కడ అంచున ఉండే రంధ్రం చిరిగింది, ఇక్కడ ఎవడో ఆపరేటర్ పాట కోసుకున్నాడు. బాపుకు ఈ ముక్క చదివి వినిపిస్తే నవ్వుతాడు. వాళ్ళ కాలంలో క్యాబిన్ కింద ముక్కలేరుకునే పిల్లలకు లోటే లేదు. ఫిల్ము ఒక శాతం కుంచించుకుపోయినా మెషిన్ పళ్ళకు సరిగ్గా పట్టదు, అందుకే స్కేలు పెట్టి కొలుస్తాం. చిరిగిన రంధ్రాలకు సన్నటి టేపు వేస్తాం. ఒక్క రీలు బాగుచేయడానికి రోజంతా పట్టిన సందర్భాలున్నాయి. తెర మీద అది పదకొండు నిమిషాల బొమ్మ.

స్కానింగ్ లెక్క కూడా విను, డిజిటల్ అయిపోతే చాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమాకు 2,16,000 ఫ్రేములు. 4కేలో ఒక్కో ఫ్రేము 50 ఎంబీ దాకా తూగుతుంది, అంటే సినిమా ఒక్కటీ 11 టీబీ దగ్గరికి పోతుంది. దాన్ని కనీసం మూడు కాపీలు చేసి వేరువేరు చోట్ల పెట్టాలి, కొన్నేళ్ళకోసారి కొత్త టేపుల్లోకి మార్చాలి. ఆ ఖర్చు చూసి నిర్మాతలు వెనక్కి తగ్గుతారు. మంచి చల్లటి, తేమ లేని గదిలో పెడితే ఫిల్ము వందేళ్ళు ఓపిక పడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీలు. రేకుల షెడ్డులో పెట్టిన రీలు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నటుడివి కావడం ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. టైటిళ్ళు లేని రీళ్ళు చాలా వస్తాయి. ఫిల్ము అంచున కంపెనీవాళ్ళు వేసే చతురస్రం, వృత్తం, త్రికోణం గుర్తులను బట్టి ముడి ఫిల్ము తయారైన ఏడాది పట్టుకోవచ్చు, కొడాక్‌దైతే ఆ గుర్తులు ఇరవై ఏళ్ళకోసారి మళ్ళీ తిరిగొస్తాయి. ఏడాదైతే దొరికింది, సినిమా ఏది? అప్పుడు పనికొచ్చేది మొహాల జ్ఞానం. హీరో లేని రీలు కూడా ఉంటుంది, వెనకాల నిలబడే గుమాస్తాను, పూజారిని గుర్తుపట్టాలి. వెనకాల నిలబడేవాళ్ళను నేను ఇష్టంగా చూస్తాను, కారణం నీకు తెలుసు కదా! సౌండు పోయిన రీల్లో పెదవులు చూసి డైలాగు పట్టుకోవడం కూడా నాటకాలవాళ్ళకు తొందరగా వస్తుంది. ఒకసారి పౌరాణికం ముక్క ఒకటి వచ్చింది, మాట వినపడదు. రాగం తీసేటప్పుడు గొంతు నరాలు ఎలా ఉబ్బుతాయో చూసి, అది పద్యమనీ ఫలానా నాటకంలో పద్యమనీ పోల్చుకున్నాను. ల్యాబ్‌లో ఇంజినీర్లకు అది మాయాజాలంలా తోచింది. మా పక్క ఊళ్ళలో రాత్రంతా నాటకాలు చూసిన ఎవరికైనా అది వస్తుంది.

అట్నుంచి ఇటు కూడా లాభమే. రోజంతా పాతవాళ్ళను ఫ్రేము ఫ్రేముగా చూసి చూసి, కెమెరా ముందు చేతులు ఏం చేయాలో నాకు తెలిసింది. పెద్ద నటులు చేతులతో దాదాపు ఏమీ చేయరు.

సంపాదన గురించి మొహమాటం లేకుండా చెప్తాను. కాల్షీటు డబ్బులు నెలలు ఆలస్యంగా రావడం మామూలు. ఒక నిర్మాణ సంస్థ నాకు ఇవ్వాల్సిన బ్యాలెన్సు ఇప్పటికీ ఇవ్వలేదు, కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ల్యాబ్ డబ్బు తక్కువే గానీ నెల నెలా పడుతుంది. ఇంటి కిరాయి దాని మీద, పిల్లల ఫీజులు నటన మీద అని మా ఆవిడ పద్దు రాసుకుంది. ఈమధ్య మన యాసతో తీసే సినిమాలు పెరిగాయి కాబట్టి వరంగల్, కరీంనగర్ నాటకాలవాళ్ళకు పిలుపులు బాగానే వస్తున్నాయి. ఒకప్పుడు మన మాట తెర మీద వినపడిందంటే రౌడీ నోట్లోనో జోకరు నోట్లోనో! ఆ కాలంతో పోలిస్తే నువ్వు అదృష్టవంతుడివే. కానీ ఈ రెండు పనులకూ హైదరాబాద్‌లో గది తీసుకోక తప్పదు.

నేర్చుకోవడానికి దారులు ఉన్నాయి. ముంబయిలో శివేంద్రసింగ్ దుంగార్‌పూర్ పెట్టిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి వర్క్‌షాపులు నడుపుతోంది. నువ్వు చూసిన డాక్యుమెంటరీ తీసింది ఆయనే. 2019 డిసెంబరులో ఆ వర్క్‌షాపు హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలోనే జరిగింది, నేను అందులో కూర్చున్నాను. విదేశీ నిపుణులు బెంచి మీద చేయించి నేర్పుతారు, ఉపన్యాసాల కంటే అదే బాగుంటుంది. పుణె ఆర్కైవ్ 2022 నుంచి ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కింద ఉంది. వాళ్ళ ప్రకటనలు చూస్తూ ఉండు. లైబ్రరీ సైన్సు డిగ్రీ ఉంటే ఉద్యోగాలకు బలం. కెమిస్ట్రీ భయపెడుతుందని వదిలేయకు, ఇంటర్ స్థాయి చాలు.

వరంగల్‌లో ఉండి చేయగలిగినది మాత్రం నువ్వు అనుకునేదానికంటే ఎక్కువ. సినిమా రీళ్ళ వెంట పడకు, అవి మన దగ్గర లేవు. ప్రింట్లు ఎప్పుడూ హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్లవే. బాక్సు బస్సులోనో రైల్లోనో వచ్చేది, ఆట అయిపోతే వెళ్ళిపోయేది. మన దగ్గర మిగిలేది కాగితం. థియేటర్ ఆఫీసు గదుల్లో డీసీఆర్ పుస్తకాలు ఉంటాయి, ఏ రోజు ఏ క్లాసుకు ఎన్ని టికెట్లు తెగాయో అందులో రాసి ఉంటుంది. మూతపడ్డ హాలు గోదాముల్లో స్లైడ్లు, పోస్టర్లు, కరపత్రాలు, పాటల పుస్తకాలు ఉంటాయి. హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టేవారంలో ఇవన్నీ చెత్తబండి ఎక్కుతాయి. ఓనర్ దగ్గరికి తెల్లచొక్కా వేసుకుని, తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళు. కాగితాలు ఇమ్మనకు, ఫోటో తీసుకుని తిరిగి ఇస్తానను. చాలామంది ఒప్పుకుంటారు.

ఇంటి రీళ్ళు మరో గని. హన్మకొండలో ఒక డాక్టరు గారి కుటుంబం దగ్గర 8 ఎంఎం ఫిల్ములు దొరికాయి. పుట్టినరోజులు, పిక్నిక్కులు. వాటి మధ్యలో ఎవరో పిల్ల వేయిస్తంభాల గుడి కల్యాణ మండపంలో స్తంభాల చుట్టూ పరిగెత్తుతోంది. ఆ మండపాన్ని తరవాత రాయి రాయిగా విప్పదీసి, ఏళ్ళ తరబడి అట్లాగే వదిలేసి, 2024లో తిరిగి తెరిచారు కదా. విప్పకముందు అది ఎలా ఉండేదో, కదిలే బొమ్మలో, రంగుల్లో, ముప్పై సెకన్లు. ఆ కుటుంబానికి కావలసింది పిల్ల, నాకు కావలసింది మండపం. ఇద్దరికీ చెరో కాపీ. ఒగ్గుకథ క్యాసెట్లు, చిందు యక్షగానం వీడియోలు తీసినవాళ్ళ దగ్గర కూడా అడిగి చూడు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ళ జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, అక్కడివాళ్ళతో పరిచయం పెంచుకో. మిమిక్రీ నేరెళ్ళ వేణుమాధవ్ గారి ఊరు మనది. గొంతులను మోసుకు తిరిగిన మనిషి ఆయన. అలాంటి కళాకారుల కార్యక్రమాలు టేపు చేసుకున్న ఇళ్ళు ఊళ్ళో ఎన్ని ఉండొచ్చో ఆలోచించు.

ఒక్క జాగ్రత్త. వస్తువు నీ చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు నీది కాదు. సినిమాకు విడుదలైన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. దొరికిందల్లా యూట్యూబ్‌లో పెట్టేస్తే నీ పేరు చెడిపోతుంది, ఆ తరవాత ఎవ్వరూ బీరువా తెరవరు.

ఇంకో పని కూడా చెయ్యి, ఉర్దూ చదవడం నేర్చుకో. 1948కి ముందు ఇది నిజాం రాజ్యం, సర్కారు కాగితాలు ఉర్దూలో నడిచేవి. హాళ్ళ సంగతులు వెతకాలంటే తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ లిపి రానిదే అడుగు ముందుకు పడదు. సినిమా మీద పనిచేసే మనవాళ్ళలో అది వచ్చినవాళ్ళు బహు తక్కువ. మండిబజార్ వైపు అడిగితే సాయంత్రాలు నేర్పేవాళ్ళు దొరుకుతారు. నాకు నేర్పిన చాచా ఫీజు తీసుకోలేదు గానీ, ప్రతివారం ఒక పాత హిందీ సినిమా పేరు చెప్పి, అందులో కోర్టు గుమాస్తా వేషం ఎవరు వేశారో కనుక్కుని రమ్మనేవాడు.